మొరాయించిన ఛార్జరు

బండ్ల షెడ్డు, క్లబ్బు వెనక
సోమవారం

మహారాజశ్రీ అక్కగారి సముఖానికి,

తమ ఏకైక తమ్ముడు, నాలుగేళ్ళపాటు కాలేజీ బెంచీలు అరగదీసి ఎలక్ట్రికల్ డిగ్రీ సంపాదించిన మహానుభావుడు వ్రాయునది ఏమనగా: నాకు పదవి దక్కింది. పది బండ్లకు అధిపతిని. నవ్వకు. వీటికి పెట్రోలు అక్కర్లేదు, చప్పుడు లేదు, అన్నీ బ్యాటరీ బండ్లు. గోల్ఫు ఆడే పెద్దమనుషులు బంతిని కొట్టి, అది పడినచోటికి నడవలేక వీటిలో కూర్చుని వెళతారు. వాళ్ళు వచ్చేది వ్యాయామం కోసమే. బండి ఎక్కడం, దిగడం కూడా అందులో జమ.

ఫోను ఎత్తడం లేదని బావ చేత తిట్టించకు. ఇక్కడ పనివాళ్ళ ఫోన్లన్నీ గేటు దగ్గర పెట్టెలో పెట్టించుకుంటారు. సభ్యుల ప్రశాంతత కోసమట. అందుకే ఈ కాగితం, ఈ కలం. ఉతికిన దుప్పట్లు తెచ్చే వ్యాను డ్రైవరు నా ఉత్తరం పట్టుకెళ్ళి పోస్టులో వేస్తాడు, నీ ఉత్తరం తెచ్చిస్తాడు.

మేనేజరుగారికి నేను ప్రేమతో పెట్టుకున్న పేరు గుసగుస. పుట్టి బుద్ధెరిగాక ఆయన గొంతెత్తిన పాపాన పోలేదు. ఉద్యోగం ఇచ్చేటప్పుడు కూడా నా చెవి దగ్గరికొచ్చి, "రేపు చేరండి" అన్నాడు. నేనూ ఆయన చెవిలో "చేరతానండీ" అన్నాను. దూరం నుంచి చూసినవాళ్ళు మేమిద్దరం బ్యాంకు దోచుకోవడానికి ముహూర్తం పెట్టుకుంటున్నాం అనుకునుంటారు.

ఇక అసలు సంగతి. ఈ పది బండ్లూ మూతపడిన ఇంకేదో క్లబ్బు నుంచి కొన్నవి. బండ్లు వచ్చాయి గానీ ఛార్జర్లు రాలేదు. "ఎలాంటివి కావాలో చూసి చెప్పండి, మీరు ఇంజనీరుగారు కదా" అని గుసగుస నన్ను ఇరికించాడు. అక్కా, కాలేజీలో నాకు ట్రాన్స్‌ఫార్మర్ బొమ్మ గీయడం నేర్పారు, ఛార్జరు ఎంచుకోవడం నేర్పలేదు. అది నేర్పింది మన బ్యాటరీ షాపులోనే. నువ్వు నేర్పుతున్నప్పుడు నేను మార్నింగ్ షోలో ఉన్నాను. సీటు ఎత్తి చూస్తే ఆరు బ్యాటరీలు కనిపించాయి. స్టిక్కర్లు ఎప్పుడో ఊడిపోయాయి. ఏం కొనమంటావు?

ఇక్కడ నా కుశలం సగం. మిగతా సగం ఛార్జింగుకి పెట్టాలి.

ఇట్లు,
పది రథాల ప్రభువు


బ్యాటరీ షాపు
శుక్రవారం

ఒరేయ్ కోతీ,

నీ ఉత్తరం బావకి చదివి వినిపించాను. పడీ పడీ నవ్వారు. నేను నవ్వలేదు, నాకు పనుంది.

జాగ్రత్తగా విను. ఛార్జరంటే డబ్బా సైజు చూసి కొనేది కాదు. ముందు వోల్టులు కలవాలి. మన దగ్గరికి వచ్చే సరుకు బండ్లన్నిటిలోనూ ఆరు బ్యాటరీలు ఉంటాయి, ఒక్కోటి ఎనిమిది వోల్టులు, వెరసి నలభై ఎనిమిది. ఇన్నేళ్ళలో ఆరు బ్యాటరీల బండి వేరే రకంగా వచ్చింది లేదు. నీవీ ఆరే కాబట్టి నలభై ఎనిమిది వోల్టుల ఛార్జరే అడుగు. తర్వాత, అవి నీళ్ళు పోసే బ్యాటరీలా, సీలు చేసినవా చూడు. పైన తిప్పే మూతలుంటే నీళ్ళవి. ఆ రకానికి తగిన ఛార్జరే కావాలి, ఫోన్లలో వాడే రకం బ్యాటరీలకి చేసింది అంటగడతారు, తీసుకోకు. ప్లగ్గు ఆకారం ముఖ్యం. బండి సాకెట్టు మీద కాగితం పెట్టి వేలితో నొక్కితే అచ్చు పడుతుంది, ఆ కాగితం చూపించి కొనిపించు. అన్నిటికంటే ముఖ్యం, ఆటోమేటిక్‌ది తీసుకో. బ్యాటరీ నిండగానే అదే ఆగిపోతుంది. ఆపడం మర్చిపోయి సినిమాకి పోయే నీలాంటివాళ్ళ కోసమే దాన్ని కనిపెట్టారు.

ఎక్కడ పడుకుంటున్నావో రాయలేదు. చలి మొదలైంది. గది ఇచ్చారా?

అక్క


బండ్ల షెడ్డు
బుధవారం

శ్రీ శ్రీ శ్రీ బ్యాటరీ విద్యా పారంగతురాలైన అక్కగారికి,

ఛార్జర్లు వచ్చాయి. పది. నలభై ఎనిమిది వోల్టులవి, నీళ్ళ బ్యాటరీలకి తగినవి, ఆటోమేటిక్‌వి, నువ్వు చెప్పినవి చెప్పినట్టే. ప్లగ్గు పెళ్ళికొడుకు చెయ్యిలా చక్కగా ఇమిడింది. నేను, గుసగుస, తోటమాలి ముగ్గురం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. గుసగుస స్విచ్చి వేశాడు.

ఏమీ లేదు. టిక్కు లేదు, బుయ్యిమనే చప్పుడు లేదు. ఎర్ర లైటు మూడుసార్లు కన్నుకొట్టి ఊరుకుంది. ఇంకో బండికి పెట్టాం, అదీ అంతే. పదింటికి పదీ అలిగి కూర్చున్నాయి. ఒకటి పాడైందంటే నమ్ముతాను గానీ, పదీ ఒకేసారి సమ్మె చేస్తాయా అక్కా? వీటికి యూనియన్ ఉందా?

నేను ఊరికే కూర్చోలేదు. ఫ్యూజులు చూశాను, బాగున్నాయి. గోడ ప్లగ్గులో టేబులు లైటు పెట్టి చూశాను, వెలిగింది. బ్యాటరీ కొసల మీద పట్టిన తెల్ల బూజుని సోడా నీళ్ళతో కడిగి, బ్రష్షుతో తోమి, మళ్ళీ బిగించాను. మీటరు పెడితే ముప్పై ఏడు చూపిస్తోంది. బండి ఎక్కి తొక్కితే కదులుతోంది కూడా, నేను కాలేజీకి వెళ్ళినంత ఉత్సాహంగా.

"సభ్యులు పై ఆదివారం వస్తారు" అని గుసగుస నా చెవిలో అన్నాడు. అక్కా, ఆయన అరిచినా నాకింత భయమేసేది కాదు.

పడక సంగతి అడిగావు. మెత్తగానే ఉంది.

ఇట్లు,
పది శవాల కాపలాదారు


బ్యాటరీ షాపు
శనివారం

ఒరేయ్ కోతీ,

నలభై ఎనిమిది ఉండాల్సిన చోట ముప్పై ఏడు ఉందంటే అవి అడుగంటిపోయాయని. ఆ క్లబ్బు మూతపడ్డాక ఎన్నాళ్ళు ఎండలో వదిలేశారో. ఆటోమేటిక్ ఛార్జర్లకి ఒక బుద్ధి ఉంటుంది. ముందు బ్యాటరీని తడిమి చూస్తాయి. తమకి కావలసినంత వోల్టేజీ తగలకపోతే ఏదో తేడా ఉందని మొరాయిస్తాయి. పాడైపోలేదు, భయపడుతున్నాయి అంతే.

దీనికి మన షాపు వైద్యం ఉంది, గుర్తుందా? ఉగ్గు పట్టడం. మన చిన్న ఛార్జరుని బస్సులో వేసి, మీ వ్యాను డ్రైవరు అందుకునేలా పంపుతున్నాను, వోల్టులు చేత్తో తిప్పి పెట్టే పాతది. దానికి బుద్ధీ జ్ఞానం ఉండవు, ఎంత పెడితే అంత పోస్తుంది. దాంతో బండిలో బ్యాటరీలకి విడివిడిగా కాసేపు కాసేపు పట్టు. మొత్తం అంకె నలభై దాటిందా, పెద్ద ఛార్జరు ఇక మాట్లాడదు, టిక్కుమని అందుకుంటుంది. దాన్ని మాయ చెయ్యడమే. నాన్న ఎన్ని బండ్లని అలా లేపారో లెక్కలేదు.

ఒక్కసారి లేస్తే చాలు, మళ్ళీ అవసరముండదు. నీళ్ళు చూస్తూ ఉండు. ఒక్కో బ్యాటరీ మీద నాలుగు మూతలుంటాయి, నాలుగూ తీసి చూడు, లోపలి పలకలు మునిగి ఉండాలి.

మెత్తగా ఉంది సరే. ఎక్కడ ఉంది?

అక్క


బండ్ల షెడ్డు
మంగళవారం

ఉగ్గు మహాతల్లికి జయము జయము!

టిక్! అక్కా, ఆ టిక్కు వినగానే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పదీ లేచాయి. పదీ కలిసి బుయ్యిమని పాడుతుంటే ఏదో భజన బృందం మధ్య నిలబడినట్టుంది. ఆదివారం సభ్యులంతా ఊరేగారు. గుసగుస నా భుజం తట్టి, చెవి దగ్గరికి కూడా రాకుండా, కాస్త దూరం నుంచే "బాగుంది" అన్నాడు. ఆయన లెక్కలో అది సన్మాన సభ.

ఒకే ఒక్క తంటా. నువ్వు ఒకసారి పడితే చాలన్నావు. వీటికి రోజూ కావాలి. సాయంత్రం బండ్లు తిరిగి రాగానే పెద్ద ఛార్జరు మళ్ళీ మొహం తిప్పుకుంటుంది. నేను మళ్ళీ పదింటికీ వరసగా ఉగ్గు పట్టి, బుజ్జగించి, టిక్కు అనిపించాలి. నీళ్ళు మాత్రం బాగా తాగుతున్నాయి. రోజూ పోస్తున్నాను. పలకలు నురగలు కక్కుతూ ఉంటాయి, బ్యాటరీలని చేత్తో ముట్టుకుంటే జ్వరం వచ్చిన పిల్లల్లా వేడిగా ఉంటాయి. మంచిదే, చలిలో నాకు హీటరు కొనే బాధ తప్పింది.

ఇంకో విశేషం. షెడ్డుకి రెండు పెద్ద తలుపులు, గోడకి ఒక గాలి ఫ్యాను ఉన్నాయి. ఫ్యాను టకటకమంటుంది. మొన్న గుసగుస వచ్చి, "ఆ చప్పుడు సభ్యులు కూర్చునే డాబా మీదికి వినిపిస్తోంది" అన్నాడు.

"బేరింగు మారిస్తే పోతుందండీ" అన్నాను.

"ఆపితే కూడా పోతుంది కదా" అన్నాడు.

నా డిగ్రీతో సహా వెళ్ళి ఫ్యాను ఆపేశాను. తలుపులు తీసిపెడితే ఛార్జర్ల రొద తోటలోకి వెళుతోందని, సాయంత్రం నుంచి అవీ మూయించాడు. లోపల ఇప్పుడు కుళ్ళిన కోడిగుడ్ల వాసన. మొదట వంటవాడిని అనుమానించాను. వంటవాడు నన్ను అనుమానించాడు. ఇద్దరం మర్యాదస్తులం కాబట్టి ఎవరూ బయటపడలేదు.

కాస్త తలనొప్పిగా ఉంటోంది. బాధ్యతలు పెరిగాయి కదా, పెద్దవాళ్ళకి ఇవన్నీ మామూలే.

ఇట్లు,
పది బిడ్డల తల్లి


బ్యాటరీ షాపు
శుక్రవారం

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బావకి చదివి వినిపించలేదు.

రోజూ ఉగ్గు అవసరం రాకూడదు. ఒకసారి నిండిన బ్యాటరీ మరునాటికి మళ్ళీ అడుగంటిపోదు. అలా అయితే బండ్లు దారిలోనే ఆగిపోవాలి, నీవి ఊరేగుతున్నాయి అంటున్నావు. నాకు లెక్క కుదరడం లేదు. నురగలు ఎప్పుడైనా ఆగుతున్నాయా? ఛార్జరు దానంతట అది ఆగడం నువ్వు ఒక్కసారైనా చూశావా?

ఆ వాసన వంటవాడిది కాదు. బ్యాటరీ మరీ ఎక్కువగా ఉడికితే వస్తుంది. అది గాలి కాదురా, విషం. దానితోపాటు వాసన లేనిది ఇంకోటి వస్తుంది, అది భగ్గుమనడానికి చిన్న నిప్పురవ్వ చాలు. ఫ్యాను వెయ్యి. తలుపులు తియ్యి. చప్పుడు చేస్తే చెయ్యనీ. నీకు గాలి గురించి నేనెప్పుడూ చెప్పలేదు. నాన్న కూడా నాకు చెప్పలేదు. మన షాపుకి పై రేకులే గానీ గోడలేవీ, తలుపేది? అక్కడ ఎంత ఉడికినా వీధిలోకి పోయేది.

నిన్న మీ ఆఫీసుకి ఫోను చేశాను. ఎవరో అమ్మాయి ఎత్తింది. "మా తమ్ముడితో ఒక్క నిమిషం మాట్లాడాలమ్మా" అన్నాను. "షెడ్డులో ఫోను లేదండీ. బండ్లన్నీ చాలా బాగా నడుస్తున్నాయి, మీరేం కంగారు పడకండి" అంది. నేను బండ్ల గురించి అడగలేదు. చీటీ రాసి పెడతానంది.

వీటికి జవాబు రాయి, ఒక్క జోకు కూడా లేకుండా. ఫ్యాను వేశావా. బ్యాటరీ మీద మూతలు ఎన్ని. ఎక్కడ పడుకుంటున్నావు.

అక్క


షెడ్డు
వారం గుర్తులేదు

అక్కకి,

ఏమిటి, "తమ్ముడూ" అని మొదలుపెట్టావు? ఎవరైనా పోయారా? కోతీ అని పిలిస్తేనే నాకు మనసు కుదుటపడుతుంది.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు. ఫ్యాను వేశాను. మరునాడు చూస్తే వైరు లేదు. గుసగుసని అడిగితే, "సభ్యుల్లో ఒకాయనకి గుండె జబ్బు, నిద్ర ముఖ్యం" అన్నాడు. తలుపుల కింద సందుల్లో కూడా పాత చాపలు కుక్కించాడు, ఇప్పుడు బయటికి చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా రాదు.

నీకు సంతోషకరమైన వార్త. వాసన పోయింది! నాలుగైదు రోజులుగా అస్సలు లేదు. నేనేమీ చెయ్యలేదు, దానంతట అదే పోయింది. మొదట వంటవాడిని అనుమానించాను. వంటవాడు నన్ను అనుమానించాడు. ఇద్దరం మర్యాదస్తులం కాబట్టి ఎవరూ బయటపడలేదు. తోటమాలి మాత్రం గుమ్మం దాకా వచ్చి ముక్కు మూసుకుని వెనక్కి పోతాడు. వాడికి మొదటినుంచీ నేనంటే పడదు.

ఇక్కడ తిరిగే పిల్లి కూడా రావడం మానేసింది. పాలు పోసి గుమ్మంలో పెట్టినా చూసి వెళ్ళిపోతుంది. అమ్మ ఇచ్చిన వెండి ఉంగరం చేతికి ఉండగానే బొగ్గులా నల్లబడింది. సబ్బుతో తోమాను, మర్నాటికి మళ్ళీ నలుపు. దొంగ వెండి అంటగట్టిన ఆ దుకాణదారుడిని నేను వచ్చినప్పుడు నిలదీస్తాను.

ఛార్జరు ఆగడం చూడలేదు. నేను పడుకునేటప్పుడు పాడుతూ ఉంటుంది, లేచేటప్పటికీ పాడుతూ ఉంటుంది. శ్రద్ధగల ఉద్యోగి.

మూతలు. నువ్వు నాలుగన్నావు. నావాటికి మూడే ఉన్నాయి. పది బండ్లలోనూ, ప్రతి బ్యాటరీకీ మూడు. లెక్క తప్పడం నీకు అలవాటు లేదే, వయసు మీద పడుతోందా?

పడక గురించి చెప్పేస్తాను, తిట్టకు. పనివాళ్ళ గదులు నిండిపోయాయి. నాలుగో నంబరు బండి వెనక సీటు విప్పితే పడుకోవడానికి సరిపోతుంది. చుట్టూ వెచ్చగా ఉంటుంది. ప్రపంచంలో చక్రాలున్న మంచం మీద పడుకునే ఏకైక ఇంజనీరుని. పొద్దున లేవడానికే కాస్త సమయం పడుతోంది. కళ్ళు మండుతున్నాయి. నిన్న లేచేసరికి సభ్యులు వచ్చి కూర్చుని ఉన్నారు. నేను ఇంకా సీటులోనే. గుసగుస నా పక్కన నిలబడి పిలుస్తున్నాడట, నాకు వినపడలేదు. ఆయన గొంతుకి ఎవరికి మాత్రం వినపడుతుంది?

మొదట వంటవాడిని అనుమానించాను అని చెప్పానా?

తమ్ముడు


బస్సులో

ఒరేయ్,

నీ ఉత్తరం ఇందాక అందింది. పోస్టుని నమ్మలేను, నేనే వస్తున్నాను. ఈ కాగితం నీ చేతికి ముందు అందినా సరే, నేను ముందు అందినా సరే. బస్సు కుదుపులకి అక్షరాలు వంకర పోతున్నాయి, కూడబలుక్కుని చదువు.

మూడు మూతలంటే మూడు గదులు. గదికి రెండు వోల్టులు. అంటే నీ బ్యాటరీ ఆరు వోల్టులది, ఎనిమిది కాదు. ఆరు ఆర్లు ముప్పై ఆరు. నీ మీటరు ముప్పై ఏడు చూపించిందంటే ఆ బ్యాటరీలు బాగానే ఉన్నాయి, అడుగంటలేదు. ఛార్జరు తనది కాని బండిని పట్టుకుని చూసి, ఇది నాది కాదు అని మొరాయించింది. పదింటికి పదీ అదే చెప్పాయి. మనం ఉగ్గు పట్టి వాటి నోరు మూయించాం. అది వెతికే అంకె ఆ బండిలో ఎప్పటికీ రాదు, అందుకే అది ఎప్పటికీ ఆగదు. అది పాడుతూ ఉన్నంతసేపూ నీ చుట్టూ ఉడుకుతూ ఉంది.

వాసన పోలేదురా. నీ ముక్కు పోయింది. ఆ విషం ముందు ముక్కునే చంపుతుంది, మనిషికి తెలియకుండా.

క్లబ్బు గేటు, వాచ్‌మన్ గది

లోపలికి పంపడం లేదు. ఇంటివాళ్ళు ఆదివారమే రావాలట. పొద్దు వాలుతోంది, బండ్లన్నీ ఛార్జింగుకి పెట్టే వేళ అని ఇతనే అంటున్నాడు. ఈ కాగితం నీ చేతికే ఇస్తానని తన పిల్లల మీద ఒట్టు వేశాడు.

చేతిలో ఏముంటే అది అక్కడే వదిలెయ్యి. ఏ ప్లగ్గూ పీకకు. ఏ స్విచ్చీ ముట్టుకోకు, రవ్వ ఎగురుతుంది. లైటు వెయ్యకు, ఆర్పకు. తలుపు రెండు రెక్కలూ తీసి, నడిచి బయటికి రా. సంచీ వద్దు. ఎవరినీ అడగొద్దు. గేటు దగ్గర నేనున్నాను.

ఇది చదువుతూ నవ్వుతున్నావని తెలుసు. నవ్వుతూనే రా.


బస్టాండు, ఆఖరి బెంచీ
ఆదివారం

అక్కా,

ఈ ఉత్తరం నాకంటే ముందు చేరుతుందో, నేనే ముందు వస్తానో తెలియదు. నన్ను ఆసుపత్రి నుంచి ఉదయం పంపేశారు. నువ్వు షాపు చూసుకోవడానికి వెళ్ళాక జరిగింది మొహాన చెప్పలేను. నువ్వు ఎదురుగా ఉంటే జోకులు వచ్చేస్తాయి.

నీ చీటీ చదివి నిజంగానే నవ్వాను. ఒక చేత్తో ఏడో బండి ప్లగ్గు పట్టుకుని ఉన్నాను, ఉగ్గు పట్టడానికి సగం పీకాను కూడా. "ఏ ప్లగ్గూ పీకకు" దగ్గరికి వచ్చి ఆగాను. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. వాచ్‌మన్ గుమ్మం బయటనుంచే, "మీ అక్కగారు ఏడుస్తున్నారు బాబూ" అన్నాడు. నువ్వు ఏడవడం నేను చూడలేదు ఎప్పుడూ. చూద్దామని బయలుదేరాను. తలుపులు తీశానట. పూలమొక్కల దాకా నడిచి పడిపోయానట. ఆ తర్వాత నీకే తెలుసు.

మళ్ళీ వెళ్ళకు అన్నావు. సంచీ కోసం వెళ్ళాను. గుసగుస చాలా మర్యాదగా ఉన్నాడు. కుర్చీ వేయించాడు. ఆసుపత్రిలో నువ్వు ఆయనకి చెప్పినవన్నీ మళ్ళీ చెప్పాను. ముప్పై ఆరు, నలభై ఎనిమిది, మూతలు, ముక్కు. అంతా విని, "పరిశీలిస్తాం. బండ్లయితే చాలా బాగా నడుస్తున్నాయి" అన్నాడు. అప్పుడు మొదటిసారి ఆయన మీద అరిచాను. డాబా మీద కూర్చున్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. ఆయన వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

షెడ్డులో కొత్తవాడు చేరాడు. నా వయసే, నాలాగే డిగ్రీ. నాలుగో నంబరు బండి సీటు మీద దుప్పటి మడతపెట్టి ఉంది. మన ఉగ్గు ఛార్జరు అతనికి అప్పగించారు, ఎలా పట్టాలో గుసగుసే దగ్గరుండి చూపించాడట.

"తమ్ముడూ, ఈ వాసన నీకు తెలుస్తోందా?" అని అడిగాను.

"ఏ వాసనన్నా? మొదట్లో ఉండేది, ఇప్పుడు లేదు" అన్నాడు.

నాకు తెలుస్తోందేమోనని గట్టిగా పీల్చి చూశాను. నాకూ ఏమీ లేదు అక్కా. ఆసుపత్రిలో డాక్టరు నా కళ్ళు మూయించి ముక్కు కింద ఏదో పెట్టి ఇదేమిటన్నాడు. "ఏదో పెట్టండి ముందు" అన్నాను. ఆయన నవ్వలేదు. అది కాఫీ పొడి. నీకు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. వస్తుందేమో, రాకపోవచ్చు అన్నాడు.

కొత్తవాడికి సీటు ఎత్తి మూడు మూతలూ చూపించాను. చావబోయిన సంగతి చెప్పాను. మొహం చాలా గంభీరంగా పెట్టి చెప్పాను. వాడు పగలబడి నవ్వి, "అన్నా, మీ గురించి విన్నాను, భలే నవ్విస్తారట కదా" అన్నాడు. ఇన్నేళ్ళు అందరినీ నవ్వించి నేను సంపాదించుకున్నది ఇదీ.

మిట్టమధ్యాహ్నం బండ్లన్నీ మైదానంలో ఉన్నాయి. వాడు భోజనానికి వెళ్ళాడు. పంపు గదిలోకి వెళ్ళి షెడ్డు మెయిన్ స్విచ్చి ఆపేశాను. కటింగ్ ప్లయరు తీసుకుని పది ఛార్జర్ల ప్లగ్గులూ వైరుతో సహా కోసేశాను. బండి వైపువి, తేలిగ్గా దొరకనివి, నువ్వు కాగితం మీద అచ్చు తీయించినవి. ఉగ్గు ఛార్జరు కూడా తెచ్చేశాను, అది మనది. తలుపుల బందులు విప్పుదామనుకున్నాను గానీ చేతుల్లో బలం చాల్లేదు. వాచ్‌మన్ నా సంచీ ఎత్తి చూసి, ఏమీ అడక్కుండా గేటు తీశాడు.

ఇదంతా కొన్నాళ్ళ మాటే. కొత్త ప్లగ్గులు తెప్పించమని గుసగుస ఈపాటికే ఎవరి చెవిలోనో చెప్పి ఉంటాడు. అవి వచ్చిన రోజు సాయంత్రం ఆ తలుపులు మళ్ళీ మూస్తారు.

అందుకని వాడు షెడ్డు మూలన తీసిపెట్టిన దుప్పటి మీద మన షాపు అడ్రసు కాగితం రాసి పెట్టి వచ్చాను. ఏ సందేహం వచ్చినా మా అక్కకి రాయి, ఆవిడకి అన్నీ తెలుసు అని. వాడి దగ్గర్నుంచి ఉత్తరం వస్తే బ్యాటరీ సంగతులు తర్వాత చూద్దువుగాని. అందులో జోకులు మరీ ఎక్కువగా ఉంటే మాత్రం, పూర్తిగా చదవకుండానే బస్సెక్కు.

కోతి